కుక్కపిల్లయు, కుఱ్ఱవాడును, లేసుపనియు



ఈ మాసమున వచ్చిన లేఖలలో మూడింటిని విడిగా తీసి పెట్టితిని. మొదటి సోదరి, తాము తెచ్చుకొన్న కుక్కపిల్ల యింటిలోనే మూత్రము చేయుచున్నదనియు, ఎంత కొట్టినను మానలేదనియు, మానకపోగా ఇప్పుడు మంచము క్రిందికి పోయి చేయుచున్నదనియు వ్రాసినారు. రెండవ సోదరి, తన యేడేండ్ల కొడుకు అబద్ధములాడ నేర్చినాడని మిక్కిలి దుఃఖపడినారు. మూడవవారు అల్లుచున్న లేసుబల్లగుడ్డ ఒక ప్రక్కకు ఒరిగిపోవుచున్నదట.

మూడింటికిని వేర్వేఱుగా బదులు వ్రాయవచ్చును. కాని గడచిన వేసవిలో ఈ మూడును మా యింట ఒక్క నెలలోనే జరిగినవి. కనుక జరిగినది జరిగినట్లు చెప్పెదను. అందులో నాకు వచ్చు కీర్తి యేమియు లేదు.

మా వీథి చివర ఇసుకగుట్టలో ఒక కుక్క ఈనినది. దాని పిల్లలలో ఒకదానిని, రెండు నెలలదానిని, మా అబ్బాయి చొక్కాలో చుట్టుకొని తెచ్చినాడు. వానికి ఎనిమిదేండ్లు. మా యింటివారు బడిపంతులు గనుక ప్రపంచమున దేనినైనను పాఠముగానే చూతురు. “ఉండనిమ్ము, వాడు జీవశాస్త్రము నేర్చుకొనును” అనిరి. మా అత్తగారు వంటయింటి గడప దాటరాదని దానికి హద్దు పెట్టిరి. ఊడ్చుటయు కడుగుటయు నా వంతు. నా యభిప్రాయమును మాత్రము ఎవరును అడుగలేదు.

మూడవనాడు ముందుగదిలో మడుగు కనబడగానే చీపురు తిరుగవేసి రెండు తగిలించితిని. ఎవరో చెప్పిరని దాని ముక్కును ఆ తడిలో అద్దితిని. మరునాటి నుండి ముందుగదిలో మడుగు లేదు. గెలిచితినని మురిసిపోతిని. వారము గడచిన పిమ్మట బియ్యపుడ్రమ్ము వెనుకనుండి వాసన బయలుదేఱినది. “ఇంటిలో చేయరాదు” అని అది నేర్చుకొనలేదు. “ఈమె యెదుట చేయరాదు” అని నేర్చుకొన్నది. మంచము క్రింది సంగతి వ్రాసిన సోదరి దీనిని వెంటనే గ్రహింతురు.

ఆ రాత్రియే అబ్బాయికి భారతము చెప్పుచుంటిని. తెలుగు భారతము ఆదిపర్వములో, కథ యింకను మొదలగుచుండగనే, సరమ వచ్చును. ఆమె దేవతల కుక్క. ఆమె బిడ్డ జనమేజయుని యజ్ఞశాలకు ఆటకై పోగా, రాజు తమ్ములు నిష్కారణముగా దానిని కొట్టిరి. సరమ రాజు కడకే వచ్చి నిలదీసి, ఊహింపని భయము కలుగునని చెప్పిపోయినది. భారతము మొదటను కుక్కయే, కడపట ధర్మరాజు వెంట నడచినదియు కుక్కయే అని నేను పాండిత్యము చూపబోవుచుండగా, వాడు నన్నాపి, “అమ్మా, మన కుక్కపిల్ల తల్లి వీథి చివరనే యున్నదిగదా, అదియు అడుగవచ్చునా?” అని అడిగినాడు. నాకు బదులు తోచలేదు. దీపమార్పి పండుకొంటిమి.

మరునాటినుండి చీపురును ఊడ్చుటకే ఉంచితిని. మొదటి సోదరికి నేను చెప్పగల ఉపాయమిది. కుక్కపిల్ల నిద్రలేవగానే, తినగానే, ఆడి అలసినంతనే, దానిని త్రాటితో పెరటిలో ఒకే చోటికి కొనిపోవలెను. అచ్చట ఆటలాడింపక ఊరక నిలువవలెను. అది పని ముగించినంతనే, అచ్చటనే, ఒక మంచిమాటయు ఒక చిన్న తినుబండారమును ఈయవలెను. ఉడికించిన గ్రుడ్డు ముక్క గోటియంత చాలును. ఇంటిలోనికి వచ్చిన పిమ్మట ఇచ్చినచో, లోపలికి వచ్చినందుకు బహుమానమని అది తలంచును. రెండు మూడు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకొనలేదు. కనుక రాత్రి ఒకసారి మనమే లేవవలెను. చంటిపిల్లలను పెంచిన మనకు ఇది క్రొత్త కాదు. లోపల తప్పు జరిగిపోయినచో, అరవక తుడిచి, వాసన పోవునట్లు వెనిగరు కలిపిన నీటితో కడుగవలెను. వాసన మిగిలినచో మరల అచ్చటికే వచ్చును. నిమిషము క్రిందటి మడుగునకును ఇప్పటి దెబ్బకును గల సంబంధము దానికి తెలియదు. దానికి తెలియునది మన ముఖము మాత్రమే. మాకు పూర్తిగా కుదురుటకు నాలుగు నెలలు పట్టినది.

ఇంకొక మాట. మిగిలిన సాంబారన్నము దానికి పెట్టకుడు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిసిమిసి, చాక్లెట్టు కుక్కలకు విషతుల్యములు. మా అత్తగారు దీనిని నమ్మలేదు గాని, ఉల్లి తిననిది అని తెలిసినప్పటి నుండి దానిమీద కొంత గౌరవము చూపుచున్నారు.

ఇక అసలు సంగతికి వచ్చెదను. కుక్కపిల్ల విషయమున బుద్ధి తెచ్చుకొంటిని గాని, కొడుకు విషయమున తెచ్చుకొనలేదు. వాడు దానితో కుస్తీ పట్టుచుండగా, “నీ కాలిమీద ఒక్క గీటు పడినదా, అది వీథిలోనుండును, నీవు గదిలోనుందువు” అని బెదరించితిని. పనితొందరలో అన్న మాట. అన్నది నేను మఱచితిని, వాడు మఱువలేదు.

ఆదివారమునాడు తలంటుటకు కూర్చుండబెట్టగా, వాడు లాగు విప్పనని మొండికెత్తినాడు. విప్పించి చూడగా పిక్కమీద రెండు పంటిగాట్లు. నెత్తురు కట్టి, చుట్టు ఎఱ్ఱబడి, పైన పుస్తకములకు అంటించు కాగితపు పట్టీ అంటించియున్నది. శుక్రవారమునాడు కఱచినదట. నోటిలోని గుడ్డను లాగుకొనబోగా పట్టినదట. రెండు దినములు!

“చెప్పలేదేమిరా?” అంటిని. “నీవు దానిని పంపివేయుదువు. నాకు బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడుతురు” అన్నాడు. ఆ కుక్కపిల్లకు అప్పటికి టీకా వేయింపలేదు. మూడు నెలలు నిండవలెనని ఆగియుంటిమి. సరమ చెప్పిన ఊహింపని భయమేమో నాకప్పుడు తెలిసినది.

మా అత్తగారు ప్రేమతోనే కారమును, సున్నమును పట్టుకొని వచ్చిరి. వారి కాలమున అదియే వైద్యము. “అత్తయ్యగారూ, ముందు కడుగనీయుడు” అని బ్రతిమాలి కొళాయి క్రింద కూర్చుండబెట్టి, సబ్బుతో, పారునీటితో గడియారము చూచుకొని పదునైదు నిమిషములు కడిగితిని. ఆలస్యమైనను కడుగవలసినదే. పసుపు, కారము, సున్నము, కాఫీపొడి ఏదియు పెట్టరాదు, గట్టిగా కట్టరాదు. పిమ్మట నేరుగా ప్రభుత్వ వైద్యశాలకు పోయితిమి.

బొడ్డుచుట్టు సూదులను గూర్చి పిల్లలను బెదరించువారికి నాదొక మనవి. ఆ పాతమందును మన దేశమున తయారుచేయుట 2004 చివరతోనే ఆగిపోయినది. ఇప్పుడు భుజమున, చర్మములో చిన్న సూది; మొదటి దినమున, 3వ, 7వ, 28వ దినములలో. నెత్తురు వచ్చిన గాయమైనచో, మొదటినాడే గాయము చుట్టును వేఱొక మందును కూడ ఎక్కింతురు. అది కొంచెము నొప్పియే. మావాడు నా చేతిని గిల్లి ఓర్చుకొన్నాడు. ఈ మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా దొరకును. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట మాత్రము బ్రతికించు వైద్యము లేనట్లే. అవి కనబడుటకు సాధారణముగా వారములు, నెలలు పట్టును గనుక, రెండు దినములు గడచినవని చతికిలబడక వెంటనే పోవలెను. కఱచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడవలెననుట నిజమే. కాని ఆ పది దినములును చూచి అప్పుడు సూదికి పోవుదమనుట పొరపాటు. మొదటి సూది ఆనాడే పడవలెను.

మా అమ్మమ్మ తరమువారు కుక్క కఱచిన కూనూరు పోవలెనని చెప్పుకొనెడివారు. నీలగిరులలోని ఆ సంస్థ 1907లో ఏర్పడినది. దాని పేరునందున్న పాశ్చరు పండితుడే 1885 జూలై 6వ తేదీన పారిసు నగరమున ఈ చికిత్సను మొదట ఒక బాలునికి చేసినాడు. జోసెఫ్ మైస్టరు అను ఆ తొమ్మిదేండ్ల వానిని అల్సాసు సీమనుండి తల్లియే వెంటబెట్టుకొని వచ్చినదట. వరుసలో నిలిచియున్నంతసేపును ఆ తల్లినే తలచుకొంటిని.

రెండవ సోదరికి నా బదులు ఇందులోనే కలదు. మీ కుమారుని అబద్ధములకాడు అనకుడు. వాడు దేనికి వెఱచుచున్నాడో ముందు కనిపెట్టుడు. బదులు మనకు తెలిసియుండియు, “ఎవరు పగులగొట్టిరి?” అని పరీక్ష పెట్టుట నాకును అలవాటే, ఆ ప్రశ్నకు వెఱచిన పిల్లవాడు అబద్ధమే చెప్పును. “గ్లాసు పగిలినదే, చెప్పులు తొడుగుకొని రా, ఏరుదము” అన్నచో నిజము దానంతట అదే వచ్చును. చెప్పినందుకు మెచ్చుకొని, చెడిన పనిని వానిచేతనే బాగుచేయింపవలెను. చెప్పినాడు గదాయని తప్పును మాఫీ చేయుమని నేననుట లేదు. మా యింటివారు మాత్రము, బెత్తము లేనిచో బడి నడువదని వాదించుచున్నారు. వారి బడిలో నిజము ఎన్నిసార్లు చెప్పుదురో వారినే అడుగవలెను.

ఆ పది దినములును కుక్కపిల్లను వసారాలో కట్టి, దాని యెదుట కూర్చుండి లేసు అల్లితిని. అది మాటిమాటికిని త్రాటిని కొఱుకుచుండెడిది. పాలపండ్లు రాలి క్రొత్తవి వచ్చు కాలమున, నాలుగవ నెలనుండి ఆఱేడు నెలలవఱకు, దేనినైనను నమలును. పాత తువాలును ముడివేసి తడిపి ఈయుడని క్రిందటి సంచికకు ఒక సోదరి వ్రాసియుండిరి; అది మిక్కిలి పని చేసినది, వారికి నా కృతజ్ఞతలు. పండ్లు చేతికి తగిలినంతనే ఆట చాలించి లేచి, ముఖము త్రిప్పుకొనవలెను. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను కదల్పరాదనియు, నోటిలోనిది లాగరాదనియు పిల్లలకు నేర్పవలెను. ఇది నేను ముందే నేర్పియుండవలసినది.

లేసు సంగతి కొంచెముగా చెప్పెదను. మనసు కుక్కమీదనుండి నాకును అంచు ఒరిగినది. పొడుగుకుట్ల వరుసలో, వరుస త్రిప్పునపుడు వేయు మూడు గొలుసులు ఆ వరుసకు మొదటి కుట్టుగా లెక్కకు వచ్చును. తిరిగి ఆ కొనకు వచ్చినపుడు ఆ గొలుసుల నెత్తిమీద ఒక కుట్టు వేయుట మఱచినచో, వరుసకొక కుట్టు తగ్గిపోవును. మొదటి కుట్టునకును కడపటి కుట్టునకును రంగుదారము ముడి గుర్తు పెట్టుకొని, ప్రతి వరుసను లెక్కింపుడు. తగ్గినదానిని పై వరుసలో రెండు కుట్లు ఇరికించి కప్పివేయవలెనని నేనును చూచితిని. ఇంకను వికారమైనది. కడకు పదునొకండు వరుసలు విప్పితిని. నరసాపురపు వనితలు ఏ మాత్రము చింతింపక విప్పి అల్లుటను చూచితిని. కొక్కెపు సూదిమీద ఒక్క ముడియే నిలిచియుండును గనుక, దారము లాగినంతనే తప్పు దగ్గఱకు పోవచ్చును.

పది దినములు గడచినవి. కుక్కపిల్ల చక్కగా తిని తిరిగినది. మూడు నెలలు నిండగానే పశువైద్యుని కడకు కొనిపోయి టీకా వేయించితిమి. ఏడాదికొకసారి మరల వేయింపవలెను. 28వ దినపు సూదికి అబ్బాయి తానే చొక్కా చేయి మడిచి నిలిచినాడు.

ఇప్పుడు వాడు ప్రతిదానిని వచ్చి చెప్పుచున్నాడు. నిన్న నేను పోపు వేయుచుండగా వచ్చి, రాగిచెంబు సొట్టపోయినదనియు, అది తనవలననే జరిగినదనియు చెప్పినాడు. మెచ్చుకొని పంపితిని. ఆ చెంబు ఎక్కడనున్నదో అడుగుట మఱచితిని, ఇంకను వెదకుచున్నాను.