బిలాస్‌పూర్ అద్దెలు: వేతన సంఘం ముందుంచవలసిన లెక్క

ఎనిమిదవ కేంద్ర వేతన సంఘం 2025 నవంబరులో ఏర్పాటయినది. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయి అధ్యక్షురాలు. నివేదిక సమర్పించుటకు పద్దెనిమిది మాసాల గడువు ఇచ్చినారు. ఆనాటి నుండి ఏ శాఖ సమావేశానికి వెళ్లినా మన సోదరులు అడిగే ప్రశ్న ఒక్కటే: ఫిట్‌మెంటు ఎంత వస్తుంది? అడగవలసిన ప్రశ్నే, కాదనను. కాని జీతం చేతికందిన వారంలోపే దానినుండి పెద్ద ముక్కను కోసుకొనిపోయే ఇంటి అద్దె విషయం మన వినతిపత్రాలలో చివరి పుటలో ఒక వాక్యంగా మిగిలిపోతున్నది. "అద్దెలు విపరీతంగా పెరిగినవి" అని వ్రాసి ఊరుకొంటున్నాము. ఎంత పెరిగినవి? ఏ పేటలో? ఎప్పటినుండి? సంఘంవారు ఈ మూడు ప్రశ్నలు వేస్తే మనవద్ద కాగితం లేదు. బిలాస్‌పూర్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ లోటును చర్చించదలచాను.

బిలాస్‌పూర్ మన తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో అక్కడికి పట్టాలు తెచ్చిననాటి నుండి మనవాళ్లు ఆ కంపెనీ కొలువులలో ఉన్నారు. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్ర జిల్లాలనుండి రాకపోకలు మరింత సులువయినవి. తాతలు గ్యాంగుల్లో పనిచేస్తే, తండ్రులు షెడ్డులో, కొడుకులు లాబీలో, మనవరాళ్లు తపాలా కౌంటర్లలో పనిచేస్తున్న కుటుంబాలు బుధవారీ బజారు చుట్టుపక్కల ఎన్నో. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ ఊరు ప్రధాన కేంద్రమయినది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు రాజధాని రాయపూర్‌కు పోగా హైకోర్టు బిలాస్‌పూర్‌కు వచ్చినది. ఆగ్నేయ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం అంతకు ముందునుండే ఉన్నది. దేశంలో అత్యధికంగా సరుకు ఎగుమతి చేసే రైల్వే డివిజన్లలో ఒకటి అక్కడిదే. ఇన్ని ఉన్నా ఊరు మాత్రం కష్టాలలోనే ఉన్నది. భూగర్భ మురుగుకాల్వల పేరిట ఏళ్ల తరబడి వీధులు తవ్విపోసినారు. అర్పా నది వేసవి వచ్చేసరికి ఇసుకదిబ్బ. బొగ్గు కదిలిపోతున్నది, ధనం కదిలిపోతున్నది, ఊరివారికి మాత్రం అద్దెలు మిగులుతున్నవి.

ఇక ప్రభుత్వం దృష్టిలో ఈ ఊరు ఏమిటి? "జెడ్" తరగతి. ఇంటి అద్దె భత్యానికి పట్టణాలను జనసంఖ్యనుబట్టి ఎక్స్, వై, జెడ్ అని మూడుగా విభజించినారు. అయిదు లక్షలు దాటితే వై, యాభై లక్షలు దాటితే ఎక్స్, మిగిలినదంతా జెడ్. 2011 జనగణన ప్రకారం బిలాస్‌పూర్ పట్టణ సముదాయపు జనాభా సుమారు నాలుగున్నర లక్షలు. అందువలన జెడ్. ఆ తరువాత 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2019లో తిఫ్రా, సిర్గిట్టి, సకరి, మరికొన్ని గ్రామాలు నగరపాలక సంస్థలో కలిసినవి. పన్ను వసూలుకు అది పెద్ద నగరం. మన భత్యానికి మాత్రం ఇంకా 2011 నాటి చిన్న పట్టణం. తదుపరి జనగణన 2027 ఆరంభంలో జరుగనున్నది. దాని తుది లెక్కలు వేతన సంఘం నివేదికకు ముందే అందివస్తాయని ఆశ పెట్టుకోరాదు.

దీని ఫలితం అంకెలలో చూడండి. విశాఖపట్నంలోనో విజయవాడలోనో మూలవేతనం రు. 35,400 ఉన్న ఉద్యోగికి నేటి ఇరువది శాతం లెక్కన రు. 7,080 భత్యం. అదే ఉద్యోగిని బిలాస్‌పూర్‌కు బదిలీ చేస్తే పది శాతం, అనగా రు. 3,540. బదిలీ ఉత్తర్వుపై సంతకమయిన దినాననే ఇంటి అద్దెలో సగం ఎగిరిపోయినది. అక్కడి అద్దెలు ఇక్కడివాటిలో సగం ఉన్నవా అని లెక్క చూచినవారు ఎవరూ లేరు. జనాభాను లెక్కించినారు, అద్దెను ఊహించినారు.

క్రింది స్థాయి ఉద్యోగి కథ మరింత విచిత్రం. ఏడవ వేతన సంఘం అంతకు ముందున్న 30, 20, 10 శాతాలను 24, 16, 8కి తగ్గించినది. అందరూ గగ్గోలు పెట్టగా, 2017 జూలైలో అమలు చేస్తున్నప్పుడు ప్రభుత్వం కనీసపు మొత్తాలను నిర్ణయించినది. జెడ్ పట్టణాలకు అది రు. 1,800. కరువుభత్యం 25 శాతం చేరినప్పుడు 9 శాతానికి, 50 చేరినప్పుడు 10 శాతానికి పెంచుతామన్నారు. పెంచినారు కూడా, 2021 జూలైలో ఒకమారు, 2024 జనవరిలో ఒకమారు. మధ్యలో కరువుభత్యాన్ని ఏడాదిన్నర స్తంభింపజేయకుండా ఉన్నట్లయితే మొదటి పెంపు మరికొంత ముందే వచ్చేది. అది వేరే లెక్క. ఇప్పుడు 2017 జూలైలో రు. 18,000 మూలవేతనంపై చేరిన ట్రాక్‌మన్‌ను తీసుకోండి. ఎనిమిది శాతమయితే రు. 1,440, కనీసం ఉన్నది కనుక రు. 1,800. 2018లో అదే. 2019లో అదే. 2020లోనూ అదే. 2021 జూలైలో మూలవేతనం 20,300, శాతం తొమ్మిది, భత్యం రు. 1,827. నాలుగేళ్లు గడచిన తరువాత ఇరువదియేడు రూపాయల పెంపు! 2024 జనవరికి రు. 2,150 అయినది. కొత్తగా చేరినవాని సంగతి మరీ అన్యాయం. 2017లో చేరినవానికీ రు. 1,800, నేడు చేరుతున్నవానికీ రు. 1,800. రెండుసార్లు శాతం మారినది, చేతికందే పైకం మాత్రం కదలలేదు. ఆ సొమ్ముకు తోర్వాలో ఏ ఇల్లు వస్తుందో ఆర్థిక శాఖ అధికారులు ఒకమారు వచ్చి చూచి చెబితే మన సంఘం వారి ప్రయాణపు ఖర్చులు భరించగలదు.

అద్దెలను ఎవరూ కొలవడం లేదా అని అడగవచ్చు. కొలుస్తున్నారు. కరువుభత్యానికి ఆధారమైన పారిశ్రామిక కార్మికుల ధరల సూచికలో గృహవసతికి 1982 మూలసంవత్సరంగా ఉన్నప్పుడు 8.67 వంతు బరువు. 2001 మూలసంవత్సరంలో 15.27, 2016 మూలసంవత్సరంలో 16.87. అనగా కార్మికుని ఖర్చులో ఇంటి వాటా దాదాపు రెట్టింపయినదని ప్రభుత్వపు లేబర్ బ్యూరోయే ఒప్పుకొన్నది. కాగా భత్యపు శాతాన్ని మాత్రం 2017లో తగ్గించినారు. ఒక శాఖ చెప్పినది మరొక శాఖకు వినపడలేదన్నమాట. పైగా ఆ సూచికకు అద్దెలు సేకరించే ఎనుబదియెనిమిది కేంద్రాలలో భిలాయి ఉన్నది గాని బిలాస్‌పూర్ లేదు. సేకరణ విధానంలో కూడా ఒక చిక్కు ఉన్నది. ఎంచుకొన్న ఇళ్లనే ఆరు మాసాలకొకసారి మరల అడుగుతారు. పదేళ్లుగా ఒకే ఇంట కాపురమున్న కిరాయిదారుకు యజమాని మొహమాటానికి కొంచెమే పెంచుతాడు. కొత్తగా వచ్చినవానిని మాత్రం నిలువునా అడుగుతాడు. బదిలీ మీద బ్రతికే రైల్వే, తపాలా ఉద్యోగి జీవితమంతా కొత్త కిరాయిదారే. అతడు చెల్లించే అద్దె ఆ సగటులో మునిగిపోతుంది.

ఇళ్ల ధరలకు జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007నుండి "రెసిడెక్స్" అనే సూచికను వెలువరిస్తున్నది. యాభై నగరాలు, అందులో రాయపూర్ ఉన్నది, బిలాస్‌పూర్ లేదు. పోనీ, రిజిస్ట్రేషను కార్యాలయపు పత్రాలు చూద్దామా? 2019లో రాష్ట్ర ప్రభుత్వం స్థలాల మార్గదర్శక ధరలను ముప్పది శాతం తగ్గించినది. 2024 ఏప్రిలునుండి ఆ రాయితీని రద్దు చేసినారు. దస్తావేజులను నమ్ముకొన్న పరిశోధకుడు బిలాస్‌పూర్‌లో 2019లో భూమి ధర ముప్పది శాతం పడిపోయినదనీ, 2024లో ఒక్కరోజున నలుబది మూడు శాతం లేచినదనీ వ్రాయగలడు. భూమి ఉన్నచోటనే ఉన్నది, కొనేవాడు ఇచ్చిన సొమ్ము వేరు, కాగితం మీది సొమ్ము వేరు. అద్దెల విషయంలో ఆపాటి కాగితమయినా లేదు. 2011 నాటి ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలంటున్నది. మనలో ఎందరివద్ద ఉన్నది? ఆదాయపుపన్ను మినహాయింపు కోసమయినా పూర్వం రసీదులు అడిగేవాళ్లము. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు గనుక ఆ అడగడం కూడా మానేస్తున్నాము. ఉన్న ఒక్క సాక్ష్యమూ ఆ విధంగా పోతున్నది.

సీపత్ విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బిలాస్‌పూర్‌కు ఇరవై కిలోమీటర్ల ప్రాంతంలోని ఆ ఊరిలో 2002 జనవరిలో ప్రధాని వాజపేయి విద్యుత్కేంద్రానికి శంకుస్థాపన చేసినారు. 660 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి రెండు, మొత్తం 2,980 మెగావాట్లు. 2013లో జాతికి అంకితమయినది. 2025 మార్చి 30న మూడవ దశకు, 800 మెగావాట్ల మరొక యూనిట్‌కు శంకుస్థాపన జరిగినది. ఇటువంటి నిర్మాణం మొదలయినప్పుడు చుట్టుప్రక్కల అద్దెలు ఎట్లా నడుస్తాయో పనిచేసిన ప్రతి సంఘ కార్యకర్తకూ తెలుసు. కంపెనీ ఇంజనీర్లకు టౌన్‌షిప్ ఉంటుంది. కాంట్రాక్టరు తెచ్చిన పనివారు ఒక గదికి ఆరుగురు చేరి తలా కొంత వేసుకొంటారు. ఒక కుటుంబం ఇవ్వగలిగినదానికన్న ఆ ఆరుగురి మొత్తం ఎక్కువవుతుంది. యజమాని వారికే ఇస్తాడు. సబ్ పోస్టాఫీసు గుమాస్తా, స్టేషను సిబ్బంది దూరం జరుగుతారు. ప్రాజెక్టు పూర్తయి ఆ పనివారు వెళ్లిపోయినా అద్దె వెనుకటి స్థాయికి దిగదు. ఇదంతా మూడవ దశ పని ఊపందుకొనక ముందే ఎవరైనా వ్రాసిపెట్టాలి. తరువాత వ్రాస్తే అది ఫిర్యాదు అనిపించుకొంటుంది. ముందునుండి వ్రాస్తే సాక్ష్యం అవుతుంది.

1915లో గ్లాస్గో నగరంలో ఇదే జరిగినది. యుద్ధసామగ్రి పనికోసం కార్మికులు వెల్లువగా వస్తే ఇళ్ల యజమానులు అద్దెలు పెంచినారు. గోవన్ పేటలో మేరీ బార్బర్ నాయకత్వాన గృహిణులు అద్దె చెల్లించబోమన్నారు, ఓడల కార్ఖానాల కార్మికులు వారికి తోడుగా నిలిచినారు. ఆ సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం అద్దెలను 1914 ఆగస్టు స్థాయికి కట్టడి చేస్తూ చట్టం తెచ్చినది. ఆనాటి స్థాయి ఇది అని చూపగలిగితేనే అటువంటి చట్టం నిలుస్తుంది.

ఇక్కడ మనవాళ్లు కొందరు ఇబ్బందిగా కదులుతారని తెలుసు. సిర్గిట్టిలోనో చుచుహియాపారాలోనో అద్దె పుచ్చుకొంటున్న యజమాని ఎవరు? చాలా సందర్భాలలో మన రిటైరయిన సోదరుడే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ ప్రావిడెంటు ఫండులోనుండే చేసినవాడు అతడు. రిటైరయిన నాలుగు మాసాలకు క్వార్టరు ఖాళీ చేయవలసి ఉంటుందని తెలిసి ముందుగానే రెండు గదులు వేసుకొన్నాడు. పైన మరి రెండు గదులు వేసి అద్దెకిచ్చి మందుల ఖర్చు వెళ్లదీసుకొంటున్నాడు. అతనిని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అట్లని "మనవాడు" అన్న ఒక్క మాటతో అద్దె సంగతి మరుగుపరచడానికీ వీలులేదు. మాంసం వండుకొంటారా, ఏ కులం, ఒంటిగా ఉంటారా, అర్ధరాత్రి డ్యూటీకి పోతారా అని ఆరా తీసి ఇల్లు లేదనేవారిలో మనవారూ ఉన్నారు. రన్నింగు సిబ్బందికి అర్ధరాత్రి డ్యూటీ తప్పదు. ఖాళీ ఇళ్లు పది ఉంటే అతనికి దక్కేవి రెండే. ఆ రెండింటికీ అతడే ఎక్కువ చెల్లిస్తాడు.

భత్యం గొడవ ఎందుకు, క్వార్టర్లే అడుగుదాము అనే వాదం కూడా ఉన్నది. పాత క్వార్టర్లు శిథిలమయినవని ప్రకటించి పడగొట్టుచున్నారు, వాటి స్థానే కొత్తవి కట్టమని తప్పక అడుగవలసినదే. కాని 1974 మే మాసం మరువరాదు. ఇరువది దినాల ఆ సమ్మెలో యాజమాన్యం క్వార్టర్లలోనుండి ఆడవారిని, పిల్లలను సామానుతోసహా వీధిలో నిలబెట్టినది. యజమాని ఇంట కాపురముంటూ యజమానితో పోరాడుట ఎంత కష్టమో ఆ తరానికి తెలుసు. క్వార్టరు కావాలి; క్వార్టరు వద్దనుకొనగల శక్తినిచ్చే భత్యమూ కావాలి.

జనసంఖ్య తప్ప మరొక కొలమానం లేదని అధికారులు చెబితే నమ్మవలసిన పనిలేదు. గోవా, షిల్లాంగ్, పోర్టుబ్లెయిర్‌లకు ప్రత్యేక ఉత్తర్వులద్వారా వై రేటు ఇస్తున్నారు. ఫరీదాబాదు, ఘజియాబాదులకు ఢిల్లీ రేటు ఇస్తున్నారు. అటువంటి ఉత్తర్వు బిలాస్‌పూర్‌కు ఎందుకు రాదని అడగడానికి మనకు ఆరు మాసాలకొకసారి తీసిన రెండు మూడు వరుసల అంకెలు చాలు.

అందువలన బిలాస్‌పూర్, సీపత్ శాఖలకు నా సూచన. రైల్వే, తపాలా శాఖలవారు కలిసి ఒకే రిజిస్టరు పెట్టండి. ప్రతి జనవరిలోను, ప్రతి జూలైలోను అద్దె ఇళ్లలో ఉన్న సభ్యులందరినీ అడగండి. ఏ పేట, ఎన్ని గదులు, ఎప్పుడు చేరినారు, చేరినప్పటి అద్దె ఎంత, నేడెంత, అడ్వాన్సు ఎంత, కరెంటుకు యూనిట్ ఒక్కింటికి యజమాని ఎంత వసూలు చేస్తున్నాడు, నీరు ఎన్ని గంటలు, అంతకు ముందున్న కిరాయిదారు ఎంత ఇచ్చేవాడు. చివరి ప్రశ్న వదలవద్దు. అసలు పెరుగుదల అక్కడ బయటపడుతుంది. యజమాని పేరు వ్రాయవద్దు, ఇంటి నంబరూ వద్దు. అప్పుడు మన రిటైరయిన సోదరులు కూడా ఉన్నది ఉన్నట్లు చెప్పగలరు. రసీదు ఉంటే నకలు జతపరచండి, లేకపోతే లేదని వ్రాయండి. గ్రామీణ డాక్ సేవకులను విడువవద్దు. వారికి ఇంటి అద్దె భత్యమే లేదు, పైగా బ్రాంచి పోస్టుమాస్టరు పోస్టాఫీసుకు కూడా తానే చోటు చూపవలసి ఉన్నది. సంఘం గడువు 2027 వేసవితో ముగుస్తుంది. మొదటి విడత అంకెలు పేటలవారీగా చేర్చి కేంద్ర కార్యాలయానికి పంపితే, మౌఖిక సాక్ష్యానికి వెళ్లే మన ప్రతినిధుల చేతిలో ఉంచుతాము. ఖరగ్‌పూర్, వాల్తేరు, రాయపూర్ శాఖలు కూడా ఇదే నమూనా కోరితే బిలాస్‌పూర్ శాఖనుండి నేరుగా తెప్పించుకొనవచ్చును.