ప్రళయం రాని మర్నాడు

లోకం అంతమైపోతుందంటే ఏడుపు రావాలి. మరి నవ్వెందుకు వస్తుంది? 2021 డిసెంబరులో విడుదలైన ‘స్కైలాబ్’ సినిమా చూసినవారికి ఈ సందేహం కలగక మానదు. విశ్వక్ ఖండేరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో తెలంగాణలోని బండ లింగంపల్లి అనే పల్లె ఉంది, 1979వ సంవత్సరం ఉంది, ఆకాశం నుంచి ఏదో నెత్తిన పడబోతుందన్న భయం ఉంది. పైకి చూస్తే సరదాగా నవ్వుకుని మరిచిపోదగ్గ సినిమాయే. కాని సంక్షేమ హాస్టళ్ళలో పెరిగిన మనం ఆ నవ్వు గురించి కాస్త ఎక్కువ ఆలోచించాలని మా అభిప్రాయం.

ముందుగా మా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అసలు సంగతి చెప్పాలి. స్కైలాబ్ కట్టుకథ కాదు. అమెరికా 1973 మే 14న ప్రయోగించిన తన మొదటి అంతరిక్ష కేంద్రం అది. బరువు సుమారు 77 టన్నులు. ముగ్గురేసి చొప్పున మూడు బృందాలు అందులో ఉండి వచ్చాయి. 1974 ఫిబ్రవరి తరువాత అది ఖాళీగానే తిరిగింది. సూర్యుడిలో అలజడి అనుకున్నదానికంటే ఎక్కువ కావడంతో వాతావరణపు పైపొరలు వేడెక్కి ఉబ్బాయి. ఆ గాలి రాపిడికి స్కైలాబ్ కిందికి జారడం మొదలుపెట్టింది. దాన్ని మళ్ళీ పైకి నెట్టవలసిన స్పేస్ షటిల్ సమయానికి తయారు కాలేదు. చివరకు 1979 జులై 11న అది ముక్కలై, కొంత హిందూ మహాసముద్రంలో, కొంత పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ ప్రాంతంలో పడింది. ఒక్కరికీ గాయం కాలేదు. మా ఊళ్ళో చెత్త పోశారంటూ అక్కడి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా కూడా వేసింది!

ఆ ముక్కలు భూమ్మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒక వంతు అని నాసా ముందే లెక్క కట్టింది. ఫలానా మనిషికే తగిలే అవకాశమైతే 60 వేల కోట్లలో ఒక వంతు. కాని ఈ లెక్క మన పల్లెలకు చేరలేదు. చేరింది పుకారు. ఎలాగూ పోయేవాళ్ళమే కదా అని కోళ్ళను, మేకలను కోసుకు తిన్నారని మా ఊళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో పుట్టిన బిడ్డలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవారూ ఉన్నారు. చంపడానికి వస్తుందనుకున్న దాని పేరునే బిడ్డకు పెట్టి ఊయలలో వేసిన జనం మనవాళ్ళు!

ఇదంతా వింటే చదువుకున్నవారికి నవ్వు వస్తుంది. “ఎంత అమాయకులో” అంటారు. ఇక్కడే మేము అభ్యంతరం చెబుతున్నాం. అదే 2021 డిసెంబరులో ఆడమ్ మెకే తీసిన ‘డోంట్ లుక్ అప్’ అనే అమెరికన్ హాస్య చిత్రం కూడా వచ్చింది. అందులో ఒక తోకచుక్క నిజంగానే భూమిని ఢీకొట్టడానికి వస్తుంది. శాస్త్రవేత్తలు లెక్కలు చూపించి మొత్తుకుంటారు. టీవీలు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి, డిగ్రీలు ఉన్నాయి. అయినా వినేవాడు లేడు. రాని ప్రమాదానికి భయపడిన మన పల్లె జనం అమాయకులైతే, వచ్చే ప్రమాదాన్ని ఎగతాళి చేసిన వీళ్ళను ఏమనాలి? చదువు లేకపోవడం ఒక్కటే అజ్ఞానం కాదు. నిజం చెప్పవలసినవాడు చెప్పకపోవడం, వినవలసినవాడు వినకపోవడం అంతకన్నా పెద్ద అజ్ఞానం.

మళ్ళీ మన ‘స్కైలాబ్’ దగ్గరికి వద్దాం. జమీందారు బిడ్డ, విలేఖరిగా పేరు తెచ్చుకోవాలని తపించే గౌరి. ఉద్యోగం నుంచి సస్పెండై ఊరికి వచ్చిన డాక్టర్ ఆనంద్. అప్పులతో సతమతమయ్యే సుబేదార్ రామారావు. ఎవరి గొడవ వారిది, ఎవరి లెక్క వారిది. నెత్తిన ఆకాశం విరిగి పడుతుందనేసరికి ఆ గొడవలన్నీ చిన్నవైపోతాయి. ఈ తరహా హాస్యానికి బలం ఇదే. నాలుగు రోజుల్లో పోయేవాడు మీసం మెలేస్తే నవ్వు రాక ఏం వస్తుంది? హోదా, అంతస్తు, పంతం అన్నీ ఒక్కసారిగా వేషాల్లా కనిపిస్తాయి. చావు ముందు అందరూ సమానమే అన్న మాటను ఉపన్యాసం లేకుండా చెప్పగలిగేది హాస్యమే.

అయితే మా ప్రశ్న 1979 జులై 11 గురించి కాదు, జులై 12 గురించి. ఆ ఉదయం కూడా మామూలుగానే తెల్లవారింది. కోసుకు తిన్న మేక తాలూకు అప్పు మిగిలింది. జీతగాడు మళ్ళీ పెండ తీయడానికి పోయాడు. ఊరు ఊరుగానే ఉంది, వాడ వాడగానే ఉంది. చావు ముందు సమానమైన మనుషులు బతుకు ముందు మళ్ళీ ఎక్కువ తక్కువలయ్యారు.

పోనీ, ప్రళయం నిజంగా వస్తే సమానమవుతామా? అదీ లేదు. ‘డోంట్ లుక్ అప్’ చివరలో డబ్బూ పదవీ ఉన్న కొద్దిమంది ఓడ ఎక్కి అంతరిక్షంలోకి పారిపోతారు. అది సినిమా అనుకుందాం. 2020 మార్చిలో మేము ఇంటర్ చదువుతున్నాం. కరోనా వచ్చింది. హాస్టళ్ళు మూసేశారు. ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఇళ్ళకు పోయాం. జబ్బుకు కులం లేదు, మతం లేదు అని అందరూ అన్నారు. జబ్బుకు లేకపోవచ్చు. పాఠాలు ఫోన్లోకి వెళ్ళిపోయాయి. ఫోను ఉన్నవాడి చదువు సాగింది, లేనివాడు కూలికి పోయాడు. హాస్టల్ మళ్ళీ తెరిచిన రోజు వరండాలో కొన్ని పెట్టెలు తగ్గాయి. ఆ పెట్టెల వాళ్ళు నేటికీ తిరిగి రాలేదు. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే. మాకన్నా బాగా లెక్కలు చేసినవాడు ఇప్పుడు సెంట్రింగ్ పనిలో ఉన్నాడు.

హాస్యం సినిమాకు ఇంత బరువు ఎందుకు మోపుతారని కొందరు మిత్రులు అడగవచ్చు. సినిమా నవ్వించింది, దాని పని అది చక్కగా చేసింది. అంతకు మించి దాన్ని అడగడం లేదు. మిగిలిన పని మనదే అంటున్నాం. రాజకీయాల్లో సమానత్వం వచ్చినా సాంఘిక, ఆర్థిక జీవితంలో అసమానత మిగిలే ఉంటుందని, ఆ వైరుధ్యాన్ని త్వరగా తొలగించుకోకపోతే ప్రమాదమని డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆయన ఏ ప్రళయం కోసమూ ఎదురుచూడమనలేదు. మామూలు రోజుల్లోనే ఆ పని చేయమన్నారు.

మామూలు రోజుల్లో సమానత్వం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఒకే వరుస, ఒకే కంచం, ఒకే నీళ్ళ పప్పు. ఆ పప్పును మనం ఎంత తిట్టుకున్నా, గరిటె ఎవరి పేరూ అడగలేదు. ఆకాశం విరిగి పడకుండానే మన వార్డెను, వంటమనిషి కలిసి రోజుకు మూడు పూటలా చేసిన పని ఇది.

అందుకే ఈ సంచిక చదివే ప్రతి ఒక్కరికీ మాదొక మనవి. 2020లో మీ పక్క పెట్టె ఎవరిదో గుర్తు చేసుకోండి. ఈ సెలవుల్లో ఆ ఇంటికి వెళ్ళండి. ఓపెన్ స్కూల్లో పదో తరగతి, ఇంటర్ ఇప్పటికీ కట్టవచ్చని చెప్పండి. దరఖాస్తు దగ్గరుండి నింపించండి. ఒక్కరు తిరిగి పుస్తకం పట్టినా చాలు. లోకం అంతమయ్యే రోజు అందరం ఒకటవుతామన్నది సినిమాలో బాగుంటుంది. తెల్లవారాక కూడా ఒకటిగా ఉండటమే మనకు కావాలి.