బండి యెక్కడికి?

టిక్కెట్టుపై మార్గము నచ్చువేయుదురు. బండిపై మార్గము వ్రాయుట కేల వెనుదీయుదురు? రైల్వే యధికారులను మే మడుగుచున్న ప్రశ్న యిది.

బెజవాడనుండి సికిందరాబాదునకు రెండు దారులు గలవు. ఒకటి కాజీపేట మీదుగా, రెండవది గుంటూరు, నల్లగొండల మీదుగా. ఏ దారిని బోవు బండిపైనను మనకు సాధారణముగా గనబడునది "సికిందరాబాదు" అను మాటయే. ఓరుగల్లు పోవలసిన కూలివాడు ఆ మాటను నమ్మి రెండవ దారి బండి యెక్కెనా, కన్ను విప్పునప్పటికి నల్లగొండలో నుండును. పైగా మార్గము తప్పినందుకు జరిమానా! తప్పు బోర్డుది, దండన ప్రయాణీకునకు. ఇదియా న్యాయము?

బోర్డులు లేవా యందురు. ఉన్నవి. కాని యనేక పెట్టెలకు నవి కిటికీల క్రింద, నిలిచిన జనము మాటున బడునంత యెత్తున వ్రేలాడును. క్రొత్త పెట్టెలకు విద్యుద్దీపాక్షరము లమర్చిరి, సంతోషమే. కాని సంఖ్యయు, పేరును, భాష వెంట భాషయు దిరుగుచుండగా, రెండు నిమిషము లాగు స్టేషనులో తన యక్షరములు వచ్చువరకు ముసలమ్మ కాచియుండగలదా?

రిజర్వేషను గలవాని పెట్టెసంఖ్య వాని చేతి ఫోనులోనే యుండును. బోర్డు తప్ప వేరు దిక్కులేనివాడు జనరలు పెట్టె ప్రయాణీకుడు. మూడవ తరగతి వారి దుర్దశను గూర్చి గాంధి మహాత్ముడు 1917లోనే పత్రికలకు వ్రాసెను. ఆ తరగతి పేరు పోయినది, ఉపేక్ష పోలేదు.

ఇది చిల్లర విషయమనువారు 2025 ఫిబ్రవరి 15వ తేది రాత్రిని స్మరింతురు గాక. న్యూఢిల్లీ స్టేషను త్రొక్కిసలాటలో 18 మంది మరణించిరి. ప్రయాగరాజ్ పేరుగల రెండు బండ్లనుగూర్చి జనము తికమకపడిరని పోలీసులు చెప్పిరి. తలపైనుండి జారిన పెద్ద మూటయే కారణమని రైల్వే మంత్రి పిదప పార్లమెంటునకు దెలిపెను. ఆ వివాదమున మేము తీర్పరులము గాము. గుంపులో నేబండి యేదో తెలియకపోవుట ప్రాణములమీదికి దెచ్చునని మాత్రము ఎవరు కాదనగలరు?

సాధ్యము కాదందురా? బొంబాయి లోకలు బండ్ల ముఖముననే గమ్యస్థానపు సంకేతము వెలుగుచుండును; బండి వచ్చుచుండగనే జనము చదువుకొందురు. అచ్చట సాధ్యమైనది మన బండ్లకేల యసాధ్యము?

మేము కోరునది స్వల్పము. ప్రతి ద్వారము ప్రక్కను, జనము తలల కెగువగా, కదలని బోర్డు. మన సీమలో బెద్ద తెలుగక్షరములు. గమ్యము క్రింద మార్గము. జనరలు పెట్టెలకు మొదట. పఠనాలయములందలి సోదరులారా! మీ పార్లమెంటు సభ్యునకు నేడే కార్డు వ్రాయుడు. టిక్కెట్టు కొన్నవాడు బిచ్చగాడు కాడు. తన బండి యెక్కడికి బోవునో తెలిసికొనుట వాని హక్కు. తెలుపుట సొమ్ము పుచ్చుకొన్నవారి విధి.