దాసిని చేసిన ప్రేమకథ

అనార్కలి అంటే దానిమ్మ మొగ్గ. అక్బర్ అంతఃపురంలోని ఓ దాసి యువరాజు సలీంను ప్రేమించింది, ఆ నేరానికి సజీవంగా గోడలో సమాధి అయింది. ఉపఖండమంతా ఎరిగిన ఈ కథలో ఒక చిక్కుంది. తొలినాటి కథనంలో ఆమె దాసి కాదు.

1611లో లాహోర్‌లో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం ఫించ్ ఆమె సమాధి గురించి రాశాడు. అతను విన్నదాని ప్రకారం ఆమె అక్బర్ భార్యల్లో ఒకరు, యువరాజు దానియాల్ తల్లి. అంటే సలీంకు సవతి తల్లి. అబుల్ ఫజల్ 'అక్బర్‌నామా'లోగానీ, సలీం జహంగీర్‌ చక్రవర్తి అయ్యాక రాసుకున్న ఆత్మకథలోగానీ ఆమె ఊసే లేదు.

ఆమెను దాసిగా జనం మనసుల్లో నిలిపింది 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ రాసిన ఉర్దూ నాటకం. దీనికి చారిత్రక ఆధారం లేదని ఆయనే చెప్పుకున్నారు. సినిమాలు మాత్రం ఆ దాసినే పట్టుకున్నాయి. 1953లో హిందీ 'అనార్కలి', 1955లో అంజలీదేవి, అక్కినేని జంటగా తెలుగు 'అనార్కలి', 1960లో కె. ఆసిఫ్ 'మొఘల్-ఎ-ఆజం' వచ్చాయి.

బేగం దాసిగా ఎందుకు మారింది? సవతి తల్లితో ప్రేమను ఏ ప్రేక్షకుడూ హర్షించడు. పైగా బేగంకు పుట్టిల్లుంటుంది, వంశం ఉంటుంది. దాసి తరఫున అడిగేవారెవరు? ఆమె ఎంత ఏడిస్తే ప్రేమ అంత పవిత్రమవుతుంది.

అసలు లాభం తండ్రీకొడుకులది. సలీం 1600లో తిరుగుబాటు చేసి అలహాబాద్‌లో సొంత దర్బారు పెట్టుకున్నాడు. 1602లో అబుల్ ఫజల్‌ను చంపించాడు. ఆ గొడవంతా గద్దె కోసమే. తెరమీద మాత్రం అతను కత్తి దూసింది అనార్కలి కోసం. ఒక దాసిని మధ్యలో నిలబెట్టగానే అధికార దాహం విరహంగా మారిపోయింది. 'మొఘల్-ఎ-ఆజం' మరో అడుగు ముందుకేసింది. ఒకప్పుడు ఆమె తల్లికిచ్చిన మాట కోసం అక్బర్ అనార్కలిని సొరంగ మార్గాన రహస్యంగా వదిలేస్తాడు. చక్రవర్తి న్యాయమూ నిలిచింది, యువరాజు ప్రేమా నిలిచింది. అజ్ఞాతంలోకి వెళ్లింది దాసి ఒక్కతే.

చరిత్రలోని సలీం కథ వేరు. అతను 1611లో పెళ్లాడిన మెహరున్నీసా కూడా అంతకుముందు అంతఃపురంలో ఓ పెద్ద బేగం కొలువులో ఉన్న వితంతువే. ఆమే నూర్‌జహాన్. ఆమె పేరిట నాణేలు వెలువడ్డాయి. తేడా ఒక్కటే: ఆమె తండ్రి మొఘల్ కొలువులో ఉన్నతాధికారి. కొలువు చేసిన స్త్రీ రాణి కావడం అసాధ్యమేమీ కాదు, వెనక ఇంటిపేరుంటే చాలు.

లాహోర్‌లో అనార్కలిదిగా చెప్పే సమాధి పంజాబ్ సచివాలయం ఆవరణలో ఉంది. అది ఆమెదేనని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. శిలమీద చెక్కిన పారశీక ద్విపద కింద సలీం పేరుంది, ఆమె పేరు లేదు. బ్రిటిష్ వారు ఆ కట్టడాన్ని కొంతకాలం చర్చిగా వాడి, తర్వాత పాత దస్తావేజులు భద్రపరిచే చోటుగా మార్చారు. బీరువాల నిండా ప్రభుత్వ రికార్డులున్న ఆ గదిలో, ఎవరి పేరు మీద అది నిలిచిందో ఆ స్త్రీ గురించి మాత్రం కచ్చితంగా తెలిసింది చాలా తక్కువ. ఖాళీగా ఉన్న ఆ చోటే కథకులకు కలిసొచ్చింది.