రిపేరు హక్కు ఫోన్ల దగ్గరే ఆగింది... వంటింటి బ్లెండర్ సంగతేంటి?

రంజాన్ నెల వచ్చిందంటే ముస్లిం ఇళ్ళల్లో హ్యాండ్ బ్లెండర్‌కు తీరిక ఉండదు. లస్సీ, ఖర్బూజా జ్యూస్, దాల్చాకు పప్పు మెదపడం, చివరికి హలీమ్ ఘోటడం కూడా దాని మీదే. సరిగ్గా అలాంటి ఓ సాయంత్రం అది గుయ్యిమని శబ్దం చేస్తుంది గానీ బ్లేడు తిరగదు. బజారుకు తీసుకెళితే మిస్త్రీ అటూ ఇటూ తిప్పి చూసి చెప్పే మాట దాదాపు ఒకటే: "ఇది విప్పడానికి రాదు భాయ్, కొత్తది తీసుకోండి."

వెయ్యి, రెండు వేలు పెట్టి కొన్న వస్తువు. ఏడాది, రెండేళ్ళకే చెత్తలోకి. ఇందులో తప్పు మిస్త్రీదా, వాడినవాళ్ళదా, తయారుచేసినవాళ్ళదా?

ముందు లోపల ఏముందో చూడాలి. మోటారు ఉండే పైభాగాన్ని, బ్లేడు ఉండే కింది కాడను కలిపేది కప్లర్ అనే చిన్న ముక్క. చాలా మోడళ్ళలో ఇది ప్లాస్టిక్‌దో రబ్బరుదో. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ బ్లేడు కదలకపోతే, ఎక్కువసార్లు అరిగింది ఈ ముక్కే. దీన్ని మెత్తగా పెట్టడంలో మోసం ఏమీ లేదు. బ్లేడు ఎక్కడైనా ఇరుక్కున్నప్పుడు ముందు అది తెగి మోటారును కాపాడుతుంది. అంటే అరిగిపోవడమే దాని పని. మరి అరగడానికే పెట్టిన ముక్కను విడిగా అమ్మకపోవడం ఏం న్యాయం? కొన్ని కంపెనీలు అమ్ముతాయి. చాలా చోట్ల దొరకదు.

రెండోది బ్లేడు దగ్గరి సీలు, బుష్. వేడి వేడి పప్పులో, షోర్వాలో ముంచి తిప్పితే ఆవిరి, నూనె, ఉప్పు నీళ్ళు కాడలోకి ఎక్కుతాయి. లోపలి గ్రీజు కరిగిపోతుంది. కొన్నాళ్ళకు కీచుమనే శబ్దం, ఆ తర్వాత తిండిలో నల్లటి మరకలు. మరక కనిపించిన రోజే ఆ కాడను వాడటం ఆపేయాలి. మూడోది వైరు. పిడి నుంచి బయటకొచ్చే చోట మడిచి మడిచి లోపలి రాగి తీగ తెగుతుంది. వైరు కదిపితే ఆన్, వదిలితే ఆఫ్ అవుతుంటే రోగం అక్కడే. ఇక స్విచ్, కార్బన్ బ్రష్‌లు, వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మల్ ఫ్యూజు. మోటారు వైండింగే కాలిపోతే మాత్రం నిజంగానే పని అయిపోయినట్టు.

వాడకంలో తప్పు లేదా అంటే, ఉంది. చాలా హ్యాండ్ బ్లెండర్లు ఒకేసారి ఒక నిమిషం మించి నడపడానికి చేసినవి కావు. ఆ సంగతి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చదివేదెవరు? హలీమ్ లాంటి గట్టి ముద్దలో, మాంసం పీచుల మధ్య పది నిమిషాలు ఆపకుండా తిప్పితే ఏ చిన్న మోటారైనా వేడెక్కుతుంది. పెద్దలు వాడిన చెక్క ఘోట్నీని, పప్పు గుత్తిని మూలన పడేసి ఆ బరువంతా దీని మీద వేయడం మాత్రం దానికి అన్యాయమే. సగం ఘోట్నీతో మెదిపి, చివర్లో విడతలు విడతలుగా బ్లెండర్ వాడితే రెండూ నిలుస్తాయి.

అయినా అసలు చిక్కు వాడకంలో లేదు. కప్లర్ దొరికినా, పిడి విప్పితే గదా లోపలి వైరో స్విచ్చో మార్చేది. చౌక మోడళ్ళలో ఎన్నింటికో స్క్రూలే ఉండవు. ప్లాస్టిక్ రెండు సగాలను అతికించేస్తారు, లేదా ఒక్కసారి మాత్రమే పట్టే కొక్కేలతో బిగిస్తారు. విప్పబోతే విరుగుతుంది. గంట కష్టపడి విప్పిన మిస్త్రీ రెండు, మూడు వందలు అడిగితే "ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది" అంటాడు కస్టమర్. ఇద్దరిదీ తప్పనలేం. లెక్క అలా కుదిరేలా చేసిపెట్టారు.

ఇక్కడే ప్రభుత్వం మాట రావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెరిచారు. అయితే అది కంపెనీలు తమ సమాచారం పెట్టే వేదిక మాత్రమే, చట్టం కాదు. 2024 సెప్టెంబర్‌లో రిపేరు సూచీ కోసం ఇంకో కమిటీ. 2025 మేలో నివేదిక ఇచ్చింది. వస్తువును విప్పడం ఎంత సులువు, ఎలాంటి స్క్రూలు వాడారు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, పనిముట్లు ఏం కావాలి అన్నవి చూసి మార్కులు వేయాలంది. ప్రశ్నలన్నీ బ్లెండర్ కోసమే రాసినట్టున్నాయి. కానీ మొదట మార్కులు వేయాలన్నది స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు.

ఇంకో విచిత్రం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు 106 రకాల వస్తువులకు వర్తిస్తాయి. వాటిలో చిన్న గృహోపకరణాలూ ఉన్నాయి. పారేశాక రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుదేనని అవి చెబుతాయి. అంటే బ్లెండర్ చచ్చాక చట్టానికి గుర్తొస్తుంది. బతికుండగా బాగుచేసుకునే దారి మాత్రం ఎవరికీ పట్టలేదు. పాత ఇనుప సామాన్ల బండికి పదో పరకకో వేసేస్తే ఆ లెక్కలోకీ రాదు.

యూరప్ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది, అక్కడా అంతా సవ్యంగా ఏం లేదు. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి కొన్ని వస్తువుల మీద పదికి ఇన్ని మార్కులని రిపేరు సూచీ ముద్రింపజేస్తోంది. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన రిపేరు హక్కు ఆదేశాన్ని సభ్యదేశాలు 2026 జూలై 31 నుంచి అమలు చేయాలన్నది గడువు. అందులో వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్లు ఉన్నాయి, బ్లెండర్లు లేవు. కాకపోతే 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన ప్రణాళికలో చిన్న గృహోపకరణాలకూ రిపేరు నిబంధనలు తెస్తామని, అందుకు 2027 లక్ష్యమని రాసుకున్నారు. ఢిల్లీలో అలాంటి తేదీ ఒక్కటీ ఇంకా వినపడలేదు.

ఇది ఒక్క వంటింటి ఖర్చు సంగతి కాదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్ మొదలు జిల్లా కేంద్రాల సందుల దాకా మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు బాగుచేస్తూ బతికే కుటుంబాలు ఎన్నో. వాటిలో ముస్లిం కుటుంబాలు తక్కువేం కాదు. ముస్లింలు జీతాల ఉద్యోగాల్లో కంటే సొంత పనుల్లో, చిల్లర వ్యాపారం, రవాణా, వాహనాల రిపేరు వంటి వాటిలో ఎక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ నివేదికే చెప్పింది. అతికించేసిన ప్రతి ప్లాస్టిక్ డబ్బా ఈ పనివాళ్ళ చేతిలోంచి ఒక పని లాక్కున్నట్టే. కుర్రాళ్ళకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చెప్పి, మార్కెట్ నిండా విప్పలేని సరుకు నింపితే వాళ్ళు దేన్ని బాగుచేయాలి?

చట్టం వచ్చేదాకా ఇంట్లో చేసుకోగలిగింది కొంత ఉంది. ప్లగ్గు తీసేసి, కాడ విడదీసి, బ్లేడు ఇరుసుకు చుట్టుకున్న పీచులు, నారలు తీసేయడం ఎవరైనా చేయొచ్చు. బయటి నుంచి తీసే రకమైతే అదే మోడల్ కప్లర్ తెచ్చి మార్చుకోవచ్చు. కుట్టుమిషన్ నూనె మాత్రం బ్లేడు వైపు చుక్క కూడా వేయొద్దు, అది తిండిలోకి వస్తుంది. ఎం-సీల్, ఫెవిక్విక్ కూడా అంతే. వైరు, స్విచ్, కార్బన్ బ్రష్‌ల పని మల్టీమీటర్ పట్టడం తెలిసినవాళ్ళకే వదలాలి. ఈ మిషన్లకు రెండు పిన్నుల ప్లగ్గే, ఎర్త్ వైరు ఉండదు. చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటే లోపలి రెండు పొరల ఇన్సులేషనే మనిషిని కాపాడుతుందని అర్థం. పిడి పగిలితే టేపు చుట్టి తడి చేత్తో పట్టుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కొందరు మిస్త్రీలు థర్మల్ ఫ్యూజు తీసి "డైరెక్ట్" చేసేస్తారు. మిషన్ నడుస్తుంది, ఈసారి వేడెక్కితే ఆపేదేమీ ఉండదు. అదే రేటింగ్ ఫ్యూజు వేయమని అడిగి వేయించుకోవాలి.

గల్ఫ్ నుంచి తెచ్చినవాటిది మరో కథ. అక్కడి వోల్టేజ్ ఇక్కడికి దగ్గరే గనుక నడుస్తాయి. వారంటీ మాత్రం చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం, ఆ మోడల్ ముక్కలూ ఇక్కడ దొరక్కపోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన 120 వోల్టుల బ్లెండర్‌ను ఇక్కడి 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే నిమిషాల్లో కాలిపోతుంది. లేబుల్ చూడకుండా ప్లగ్గు పెట్టొద్దు.

కొనేటప్పుడు వాట్ల సంఖ్య ఒక్కటే చూసి మురిసిపోకుండా దుకాణదారుణ్ణి మూడు మాటలు అడగాలి: పిడికి స్క్రూలున్నాయా, కప్లర్ విడిగా దొరుకుతుందా, సర్వీస్ సెంటర్ ఈ ఊళ్ళో ఉందా. బిల్లు దాచుకోవాలి. వారంటీలో ఉండగా తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. వెయ్యి రూపాయల బ్లెండర్‌కు కమిషన్ దాకా ఎవరు పోతారని అందరూ అనుకుంటారు. కంపెనీల లెక్క కూడా అదే.