దస్తావేజులో లేని ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్‌లోని తనకల్లులో 10 లక్షల రూపాయలకు ఒక మిద్దె కొంటే ప్రభుత్వానికి 75 వేలు కట్టాలి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. అంత పుచ్చుకున్న ప్రభుత్వం, ఆ మిద్దె అమ్మినవాళ్లదేనా అంటే మాత్రం పూచీ పడదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యేది దస్తావేజే తప్ప హక్కు కాదు. హక్కు రుజువు చూపకపోతే దస్తావేజును తిప్పి పంపవచ్చని తమిళనాడు ఒక నిబంధన పెట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో కె. గోపి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కుల విచారణ సబ్‌రిజిస్ట్రార్ పని కాదని తేల్చింది. ఉన్న చట్టం ప్రకారం అది సరైన తీర్పే. మరి ఆ విచారణ ఎవరు చేయాలి?

కొనేవాళ్లే చేసుకోవాలి. అందుకు వాళ్ల చేతిలో ఉన్నది ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్). 1983 తర్వాతి లావాదేవీలు కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకు ముందువి పుస్తకాల్లో వెతికించుకోవాలి. ఈసీలో పేరు శుభ్రంగా ఉంటే చాలు, ఇల్లు భద్రమనుకునేవాళ్లు మన ప్రాంతంలో ఎక్కువ. రిజిస్టరైనవే ఈసీలో కనిపిస్తాయి. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న భాగాలు అందులో ఉండవు. తండ్రి తెల్లకాగితం మీద రాసిపెట్టిన వీలునామా ఉండదు. కదిరి కోర్టులో నడుస్తున్న దావా దానంతట అది అందులోకి ఎక్కదు. పల్లెలో సగం ఇళ్ల చరిత్ర ఇలాంటి కాగితాల్లోనే, కొన్నిసార్లు కాగితమే లేని మాటల్లో ఉంటుంది.

గ్రామకంఠంలోని ఇళ్లకు అడంగల్ ఉండదు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, తాతల నాటి అనుభవం మాత్రమే ఉంటాయి. పన్ను రసీదు అనుభవానికి సాక్ష్యం అవుతుందేమో గానీ హక్కుపత్రం కాదు. ప్రభుత్వం అసైన్ చేసిన డీకేటీ పట్టా స్థలంలో కట్టిన ఇంటి సంగతి ఇంకా చిక్కు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆ అమ్మకాన్నే చెల్లదంటుంది. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన వ్యవసాయ పట్టాలకు వెసులుబాటు ఇచ్చారు. అమ్మేవాళ్ల పట్టా ఆ వెసులుబాటులోకి వస్తుందా, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉందా అని అడ్వాన్సు చేతులు మారకముందే చూసుకోవాలి. మన దగ్గర జరిగేది తలకిందులుగా. ముందు అడ్వాన్సు ఇస్తారు, కాగితాలు తర్వాత అడుగుతారు.

ఇక సంతకాలు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా ఉంటుందని 1956 నుంచే హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు పుట్టుకతో వాటా ఇచ్చే సవరణ ఎన్టీఆర్ హయాంలో మన రాష్ట్రంలో ముందే వచ్చింది; 2005లో దేశమంతటికీ వర్తించింది. తండ్రి 2005కు ముందే చనిపోయినా కూతురి హక్కు పోదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా 'ఆడబిడ్డలకు పసుపు కుంకుమ ఇచ్చేశాం, వాళ్ల సంతకం ఎందుకు' అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బెంగళూరులో పనికి పోయిన తమ్ముడి సంతకం కోసం రెండు నెలలు ఆగుతారు. మదనపల్లెలో కాపురమున్న అక్క సంతకం ఊసే ఎత్తరు. పదేళ్ల తర్వాత కోర్టు నోటీసు వచ్చేది ఆ అక్క నుంచో, ఆమె పిల్లల నుంచో.

ఇవన్నీ ఏ ఊళ్లోనైనా ఉండే తగువులే. మన మెట్ట పీఠభూమిలో ఇంకో ప్రశ్న ఉంది, అది ఏ దస్తావేజులోనూ కనపడదు: నీళ్లు. ఇంటికంటే పెరట్లో బోరును చూసి ధర చెప్పే ప్రాంతమిది. కానీ క్రయపత్రంలో ఉండేది చెక్కుబందీ, కొలతలు, మిద్దె వివరం. బోరు పేరు రాయడం అరుదు. బోరు అమ్మిన స్థలంలోనే ఉంటే, వేరే షరతు రాసుకోనంతవరకు, ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దాంతోపాటే కొన్నవాళ్లకు వస్తుంది. ఉమ్మడిలో ఉన్నప్పుడు వేసిన బోరు అన్న వాటాలోకి పోయి, తమ్ముడు పైపు లాగి వాడుకుంటున్నాడనుకోండి. తమ్ముడి ఇల్లు కొన్న కొత్తవాళ్లకు ఆ పైపు మీద హక్కుందా? భాగపత్రంలో రాసుకొని ఉంటే సరే. అన్నదమ్ముల మధ్య మొహమాటంతో నడిచిన వాడుక పరాయివాళ్ల దగ్గర హక్కుగా నిలబడడం కష్టం. కావాలంటే కొత్త బోరు వేసుకుంటామంటే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. అనుమతి కావాలి; ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అది మామూలుగా దొరకదు. పల్లె నడుమ ఇంటికి ఆ దూరం ఎక్కడ దొరుకుతుంది?

కార్తీకంలో ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు బోరు ధారగా పోసి చూపిస్తారు. ఎండాకాలంలో అది గాలి వదులుతుందని అమ్మేవాళ్లకు తెలుసు. మామూలు జాగ్రత్తతో కొనేవాళ్లు కనిపెట్టలేని, అమ్మేవాళ్లకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని చెప్పితీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. ఎండిపోయే బోరు ఆ లోపాల కిందికి వస్తుందా అని వకీళ్లు వాదించుకోవచ్చు. మన ప్రాంతంలో వస్తుందనే నా అభిప్రాయం.

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్న మన తెలుగువాళ్లను అడిగితే అక్కడి తంతు వేరుగా ఉంటుంది. అమ్మేవాళ్లు ఒక సమాచార పత్రం నింపి సంతకం చేసి ఇస్తారు. కంచె ఎవరిది, పొరుగువాళ్లతో తగాదా ఉందా, గోడ మార్చినప్పుడు అనుమతి తీసుకున్నారా, వరదనీళ్లు వచ్చాయా అని ఒక్కొక్కటీ అడుగుతుంది ఆ పత్రం. అబద్ధం రాస్తే నష్టపరిహారం కట్టాలి. ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా ఎవరూ కట్టుబడరు; మామూలుగా 10 శాతం అడ్వాన్సు ఇచ్చేది కూడా అప్పుడే. పైగా అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీ హక్కుకే పూచీ పడుతుంది, తన తప్పువల్ల నష్టపోతే సొమ్ము ఇస్తుంది.

ఆ పూచీనే మనకూ తెస్తామంటూ వచ్చింది ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. రెండేళ్లలో అభ్యంతరం రాకపోతే అధికారి రాసిన పేరే తిరుగులేనిదవుతుందని, సివిల్ కోర్టుకు వెళ్లే దారి ఉండదని తెలిసేసరికి వకీళ్లు కోర్టులు బహిష్కరించారు. ఎన్నికల్లో అదే పెద్ద మాటయింది. 2024 జూన్ 13న రద్దు ఫైలు మీద చంద్రబాబు సంతకం చేశారు, జులైలో అసెంబ్లీ రద్దు చేసింది. రద్దు కావాల్సిన చట్టమే. ఇంగ్లండ్ 1862లో ఇష్టమున్నవాళ్లతో మొదలుపెట్టి, 1897 నుంచి ప్రాంతాలవారీగా తప్పనిసరి చేస్తూ, దేశమంతా ముగించింది 1990 డిసెంబరులో. అంత కాలం పట్టిన పనిని మనం రెండేళ్ల గడువుతో, కోర్టు తలుపు మూసి తేల్చేద్దామనుకున్నాం.

పూచీ ఇవ్వడం ఇప్పట్లో మనవల్ల కాదు. ఇంగ్లండ్‌లో లాగా అమ్మేవాళ్లను సమాచార పత్రం అడగడం మాత్రం రేపే చేయవచ్చు. దస్తావేజుకు జత చేసే రెండు పేజీల ప్రశ్నావళి చాలు. ఈ ఇంటి వారసులు ఎవరెవరు, కూతుళ్లతో సహా? స్థలం గ్రామకంఠమా, పట్టానా, డీకేటీనా? దావా ఏదైనా ఉందా? బోరు ఎవరి స్థలంలో ఉంది, పోయిన వేసవిలో ఎన్నాళ్లు నీళ్లిచ్చింది? 'ఎలాంటి అప్పులు, తగాదాలు, జప్తులు లేవు' అన్న వాక్యం ఇప్పటికే ప్రతి దస్తావేజులో ఉంది. అది డాక్యుమెంట్ రైటర్ అలవాటుగా రాసే వాక్యం, అమ్మేవాళ్లు చాలాసార్లు చదవను కూడా చదవరు. విడివిడి ప్రశ్నకు సొంత జవాబు రాస్తే, అబద్ధమాడే వాళ్లూ ఒకసారి ఆగుతారు. రిజిస్ట్రేషన్ అధికారి ముందు తెలిసి తప్పుడు ప్రకటన చేస్తే ఏడేళ్లదాకా శిక్ష వేయవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ ఎప్పటి నుంచో చెబుతోంది.

ఒక అభ్యంతరం మాత్రం బరువైనదే. కరువు ఏడాది అప్పులోళ్లు గుమ్మంలో కూర్చుంటే ఇల్లు అమ్ముకునేవాళ్లు 'బోరు ఎండిపోయింది' అని సొంత చేత్తో రాసిస్తే ధర పడిపోతుంది. నిజమే. కానీ వాళ్లకు ఇప్పుడు మాత్రం పూర్తి ధర దక్కుతోందా? ఏ చెల్లెలు ఎప్పుడు వస్తుందో, ఏ కాగితం ఎక్కడ తేలుతుందో తెలియని కొనేవాళ్లు ముందే తగ్గించి బేరమాడుతున్నారు. ఒప్పుకున్న సొమ్ములో కూడా కొంత, సంతకాలన్నీ అయ్యాక ఇస్తామని పట్టిపెట్టుకుంటున్నారు.