పెరటి దర్భ

పవిత్రం ధరించని వ్రేలితో వైదికకర్మ ఆరంభం కాదు. హోమంలో పరిస్తరణానికి, కలశంపై కూర్చకు, పితృతర్పణానికి, గ్రహణకాలంలో ఆహారపదార్థాల రక్షణకు దర్భయే శరణ్యం. గీతలోని ఆరవ అధ్యాయం విధించిన ధ్యానాసనంలో అన్నిటికంటె అడుగున ఉండేది కుశలేనని శంకరభగవత్పాదుల వ్యాఖ్యానం.

అట్టి దర్భ నేడు దుకాణంలో కట్టగా లభించే సరుకైంది. అది ఎక్కడ మొలిచిందో, ఎవరు ఎన్నడు కోశారో, అసలు దర్భయేనా అన్నది కర్తకు తెలియదు. బాటలోను, శ్మశానంలోను మొలిచినవి, పిండాల క్రింద పరచినవి వర్జ్యములని ధర్మశాస్త్రం. అనగా దర్భకు స్థలశుద్ధి ప్రధానం. ఆ శుద్ధిని గృహస్థుడు నిస్సంశయంగా ఎరుగగల స్థలం తన పెరడే.

నదీతీరపు దర్భకున్న పావిత్ర్యం పెరటి దర్భకు ఉంటుందా అని కొందరి శంక. తులసిని ముంగిట నాటి అర్చించే సంప్రదాయంలో ఈ శంకకు తావులేదు.

పెంపకమూ కష్టం కాదు. దర్భ వేళ్ళు, భూగర్భకాండాలు లోతుకు దిగి తేమను వెదుక్కుంటాయి. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే అనంతపురం వంటి సీమలకు అనువైన తృణమిది. నీరు నిలువని ఇసుకపాటి నేల, పూర్తి ఎండ చాలు. తొలకరిలో దుబ్బును వేళ్ళతో సహా చీల్చి, అడుగున్నర ఎడంగా నాటి, నాటుకునేవరకు నీరు పోయాలి. పిమ్మట నిత్యం నీరు అడగదు. నిటారుగా లేచే వెన్నులతో ప్రాంగణానికి శోభ కూడా. అలంకారం కోసం ప్రతిదినం నీరు త్రాగే పచ్చిక పరచి, కర్మ కోసం ఎండుదర్భ కొనడం వివేకమా?

ఒక జాగ్రత్త అవసరం. దర్భ భూమిలోపల ప్రాకి పొరుగు మళ్ళను ఆక్రమిస్తుంది. పొలంలో అది రైతుకు మొండి కలుపు. కనుక లోతైన కుండీలోనో, రాతికట్టు నడుమనో నాటాలి. ఆకు అంచులు కోసుకుంటాయి గనుక పిల్లలు నడిచే దారికి ఎడంగా ఉంచాలి.

శ్రావణ బహుళ అమావాస్యనాడు సంగ్రహించిన దర్భ సంవత్సరమంతా కర్మయోగ్యమని పెద్దల మాట. చేయి తెగకుండా కుశలను కోయగలవాడే కుశలుడని వ్యుత్పత్తి. ఆ నేర్పు కొనుగోలుతో రాదు. ఆనాటి ఉదయం తండ్రి కోస్తూ చూపగా కుమారుడు నేర్చుకోవలసినది. పెరట ఒక దుబ్బు ఉన్న ఇంట ఆ విద్య నిలుస్తుంది.

శుభం భూయాత్.